సమాధానం: మాత్రలు మానేసిన తమ్ముడితో ఎలా?

పక్కింటివాళ్లు తన గురించే గుసగుసలాడుతున్నారంటున్న మీ తమ్ముడు మూడు వారాలకే మానసిక జబ్బు మాత్రలు మానేశాడన్నారు కదండీ. అదంతా భ్రమని వాదించకండి, మిమ్మల్నీ వాళ్లలో కలిపేస్తాడు. అలాగని నిజమేనని తలూపొద్దు. "నాకు వినపడట్లేదురా, నీకు భయంగా ఉందని మాత్రం తెలుస్తోంది" అంటే చాలు.

ఎందుకు మానాడో అడగండి. మగతా? బరువు పెరగడమా? కాళ్లు ఒకచోట నిలవనీయని ఆరాటమా? డాక్టరుకు అదే మాట చెబితే మోతాదో మందో మారుస్తారు. అన్నంలో కలిపి పెట్టడం మాత్రం వద్దు, తెలిసిన రోజున అన్నం కూడా ముట్టడు. గంజాయి అలవాటు ఉంటే జబ్బు తిరగబెట్టే ముప్పు ఎక్కువ.

అతను ఒప్పుకుంటే దగ్గరి స్నేహితుణ్ని ఒక్కణ్నే సాయంత్రం అరగంట నడకకు రమ్మనండి. జబ్బు ఊసెత్తొద్దని ముందే చెప్పండి. వరుసగా రెండు రాత్రులు నిద్రలేకపోయినా, చచ్చిపోతానన్నా ఆసుపత్రికే. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి అర్ధరాత్రయినా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.