బరంపురంలో యూనివర్సిటీ చదువులకు స్కాలర్‌షిప్ నిధి: పది లక్షలు కూడబెట్టాలా, ఏటికేడు వసూలు చేయాలా?

ఒడిశాలోని బరంపురంలో ఇరవై తెలుగు కుటుంబాలు కలిసి, బాగా చదివే పిల్లలకు డిగ్రీ, పీజీ ఫీజులు కట్టాలనుకుంటున్నామన్నారు. పది లక్షలు బ్యాంకులో వేసి వడ్డీతో నడపాలా, ఏటా వసూలు చేయాలా అన్నది మీ ప్రశ్న.

ఏటా వసూలుతోనే మొదలుపెట్టండి. పది లక్షలకు 7 శాతం వడ్డీ 70,000. ఫీజులు పెరుగుతూనే ఉంటాయి కాబట్టి అందులో 15 శాతం, అంటే 10,500 మళ్లీ అసలులో కలపాలి. మిగిలిన 59,500 ముగ్గురికి తలా ఇరవై వేలకు కూడా చాలదు. అదే ఇరవై ఇళ్లూ నెలకు 500 ఇస్తే ఏడాదికి 1,20,000. ఆరుగురు చదువుతారు. పది లక్షల కోసం మూడేళ్లు తిరిగేసరికి ఇవాళ ప్లస్ టూ పాసైన పిల్లకు డిగ్రీ కూడా అయిపోతుంది. ఎవరైనా పెద్దమొత్తం మూలనిధికే, అంటే ఖర్చు పెట్టకుండా ఉంచే అసలుకే ఇస్తానంటే ఆ ముక్క రాతలో తీసుకోండి. ఉత్తరం లేకపోతే అది ఆ ఏటి మామూలు ఆదాయం కింద పడుతుంది.

ఎవరో ఒకరి ఫోన్‌లో క్యూఆర్ కోడ్ చూపించి వసూలు చేయడం మాత్రం వద్దు. ఆ డబ్బుకు రేపు లెక్క చెప్పాల్సింది ఆ ఒక్కరే. 1860 సొసైటీల రిజిస్ట్రేషన్ చట్టం కింద సొసైటీ, దాని పేరుతో పాన్, ఇద్దరి సంతకాలతో నడిచే ఖాతా, తర్వాత 12ఎ (సంస్థ ఆదాయానికి పన్ను మినహాయింపు), 80జి (దాతలకు పన్ను మినహాయింపు) రిజిస్ట్రేషన్లు, ఈ వరసలో వెళ్లండి.

80జి గురించి దాతలకు ఉన్నదున్నట్టు చెప్పండి. ఇలాంటి సొసైటీకి ఇచ్చిన దానిలో సగానికే మినహాయింపు, దానికీ పరిమితి ఉంది. అదైనా పాత పన్ను విధానంలో ఉన్నవాళ్లకే. కొత్త విధానంలో ఉన్న ఉద్యోగికి ఏమీ రాదు. రెండు వేలు దాటిన నగదుకూ వర్తించదు. రసీదు రాసేటప్పుడే పాన్ నంబరు అడగాలి, ఎందుకంటే దాతల జాబితా మే 31లోగా ఆదాయపు పన్ను పోర్టల్‌లో ఎక్కించాలి. ఆలస్యమైతే రోజుకు 200 రుసుము. మే నెలలో ఒక్కొక్కరికీ ఫోన్ చేసి పాన్ అడుక్కోవడమంత విసుగు పని ఇంకోటి లేదు.

అమెరికాలో ఉన్న మన పిల్లలు పంపుతామంటారు. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే చిక్కు లేదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద వచ్చేవాళ్ల డబ్బు మాత్రం విదేశీ విరాళమే. దానికి విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్‌ఏ) కింద అనుమతి, ఢిల్లీ స్టేట్ బ్యాంక్ ప్రధాన శాఖలో ఖాతా ఉండాలి. తండ్రి ఖాతాలో వేయించి ఆయన పేరున రసీదు రాయడం దొడ్డిదారి, దాని జోలికి పోకండి.

రెండేళ్లకోసారి ఠాకురాణి జాతరకు ఊరి వాళ్లంతా దిగుతారు కదా, అక్కడ డబ్బు కాదు, మాట తీసుకోండి. నెలనెలా ఖాతాలోంచి దానంతటదే వచ్చేలా ఆ వారంలోనే పెట్టించేయండి. జాతర దాటితే మాట చల్లబడుతుంది. వ్యాపారులను అడగడానికి ఫిబ్రవరి మంచిది, పన్ను లెక్కల ఏడాది ముగిసే మార్చి 31 దగ్గరపడుతుంటుంది.

ఇవ్వడం రెండు విడతలుగా: అడ్మిషన్ అప్పుడు సగం, మొదటి సెమిస్టర్ ఫలితాల తర్వాత సగం. ఫీజు భాగం నేరుగా కాలేజీకే కట్టండి. ఇచ్చేముందు విద్యార్థికి కేంద్రం డిగ్రీకి ఏటా 12,000 ఇచ్చే సెంట్రల్ సెక్టార్ స్కాలర్‌షిప్ వస్తోందేమో కనుక్కోండి. ఇంకో స్కాలర్‌షిప్ తీసుకునేవాళ్లు దానికి అర్హులు కారు, మన ఇరవై వేలు మూడేళ్ల సాయానికి అడ్డు రాకూడదు.

ఇక పేర్లు. మన ఇళ్లలో ముందుండే ఇంటిపేరు ఒడియా బడిలో వెనక్కి పోతుంది, ఆధార్‌లో పొడి అక్షరంగా మిగులుతుంది. కాబట్టి పాస్‌బుక్ మొదటి పేజీ ఫోటో తీసుకుని, పేరు దాని ప్రకారమే రాసుకోండి. అమ్మ సంరక్షకురాలిగా తెరిచిన పాత ఖాతాలు పద్దెనిమిది నిండాక కొత్త సంతకం, కేవైసీ ఇచ్చేదాకా ఆగిపోతుంటాయి. జూన్‌లోనే ఒక రూపాయి పంపి, చేరిందో లేదో ఆ పిల్లనే అడగండి.