స్టీరింగ్ ఆడుతోందా? ముందు కప్లర్ చూడండి

ప్రశ్న: నాది పాత టాటా 407. రోజూ తెల్లవారుజామున తెనాలి నుంచి గుంటూరుకు అరటి గెలలు వేస్తాను. ఈమధ్య స్టీరింగ్ రెండంగుళాలు తిప్పితే గానీ చక్రం కదలడం లేదు. గుంతలో పడితే టక్కుమని చేతికి తగులుతోంది. ఒక మెకానిక్ స్టీరింగ్ బాక్స్ (స్టీరింగ్ గేర్లుండే పెట్టె) మార్చాలన్నాడు. ఇంకొకాయన కప్లర్ (స్టీరింగ్ రాడ్‌ను ఆ బాక్స్ షాఫ్ట్‌కు కలిపే జాయింటు) దగ్గర వెల్డింగ్ చుక్క పెడితే చాలన్నాడు. ఎవరి మాట వినమంటారు?
— ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: తమ్ముడూ, వెల్డింగ్ మాట మాత్రం వినకండి. అలా చుక్క పెట్టించుకున్న లారీ ఒకటి విజయవాడ ఆటోనగర్‌లో మా షెడ్డుకు వచ్చింది. రివర్స్ చేసి గోడ పక్కన పెడుతుంటే స్టీరింగ్ ఉత్తినే గిర్రున తిరిగిపోయింది. విప్పి చూస్తే వెల్డింగ్ అంచు వెంబడే తెగి ఉంది. కప్లర్ పళ్ళకు ఫ్యాక్టరీలో ఇచ్చిన గట్టిదనం ఆ వేడికి పోతుంది, పక్కనున్న ఇనుము పెళుసెక్కుతుంది. అదే కృష్ణా బ్రిడ్జి మీద జరిగి ఉంటే? ఆ డ్రైవరు చాలాసేపు సీటు దిగలేకపోయాడు.

బాక్స్ కూడా అప్పుడే కొనకండి. చక్రాలకు రాళ్ళు అడ్డు పెట్టి, ఒకరిని సీట్లో కూర్చోబెట్టి స్టీరింగ్ అటూ ఇటూ కొద్దికొద్దిగా ఆడించమనండి. మీరు కింద టార్చి వేసి, కాలమ్ రాడ్ బాక్స్‌లోకి దిగే చోట వేలు ఆనించండి. పై రాడ్ కదిలి, బాక్స్ లోపలికి వెళ్ళే షాఫ్ట్ కదలకుండా ఉంటే దోషం కప్లర్‌దే. రెండూ కలిసి కదిలి, బాక్స్ నుంచి బయటికి వచ్చే డ్రాప్ ఆర్మ్ కదలకపోతే అప్పుడు దోషం బాక్స్‌ది. డ్రాప్ ఆర్మ్ కూడా కదులుతుంటే అక్కడి నుంచి చక్రాల దాకా ఉండే డ్రాగ్ లింక్, టైరాడ్ ఎండ్లు, కింగ్ పిన్నులు చూడాలి. కప్లర్ మధ్యలో ఉండే క్రాస్ (కూడలి ముక్క) కొసల మీది కప్పుల చుట్టూ కుంకుమలాంటి ఎర్రపొడి కనిపిస్తే ఇక అనుమానం అక్కర్లేదు. లోపల గ్రీజు ఎండిపోయి నీడిల్ బేరింగులు (సూదుల్లాంటి సన్న రోలర్లు) అరిగాయన్నమాట.

మార్చేటప్పుడు ముందు చక్రాలు సూటిగా పెట్టి, కప్లర్‌కూ షాఫ్ట్‌కూ కలిపి పెయింటుతో గీత గీయండి. గీత లేకపోతే స్టీరింగ్ వంకరగా కూర్చుంటుంది. కప్లర్‌ను షాఫ్ట్‌కు బిగించే బోల్టు పూర్తిగా బయటికి తీసేయాలి, అది షాఫ్ట్ గాడిలోంచి అడ్డంగా వెళ్తుంది. కప్లర్ రాకపోతే దాని చీలికలో ఉలి పెట్టి కాస్త తెరవండి. సుత్తితో కొట్టారా, ఆ దెబ్బ బాక్స్ బేరింగులకే తగులుతుంది. షాఫ్ట్ పళ్ళు వేలితో తడిమి చూడండి. మొనలు అరిగి నున్నగా తగిలితే కొత్త కప్లర్ కూడా నిలవదు, షాఫ్ట్ సంగతీ తేల్చాలి.

బోల్టు, నట్టు కొత్తవే వెయ్యండి, కంపెనీ చెప్పిన గ్రేడువే. అంగట్లో దొరికే మామూలు బోల్టు ఇక్కడ పనికిరాదు. వంద కిలోమీటర్లు తిరిగాక ఆ బిగువు ఇంకోసారి చూడండి.

కొత్త కప్లర్ పడేదాకా గెలలు వేరే బండికి వెయ్యండి.