కొత్తవారు రెండు సమావేశాలకు వచ్చి ఎందుకు మానేస్తున్నారు?

అందరూ కలిసి నిర్ణయాలు తీసుకునే మీ యువజన బృందంలోకి కొత్తవారు ఉత్సాహంగా వచ్చి, ఒకటి రెండు సమావేశాల తర్వాత కనిపించడం లేదని రాశారు. హైదరాబాద్‌లో పర్యావరణం కోసం పనిచేసే మా విద్యార్థి బృందంలో చూసినది చెబుతాను.

2025 మార్చి చివరలో హైదరాబాద్ విశ్వవిద్యాలయాన్ని ఆనుకుని ఉన్న కంచ గచ్చిబౌలిలోని 400 ఎకరాల్లో చెట్లు తొలగించడానికి బుల్డోజర్లు దిగినప్పుడు మాతో కలిసినవారిలో చాలామందికి అదే మొదటి ఉద్యమం. ఏప్రిల్ 3న సుప్రీంకోర్టు పనులు ఆపమని ఆదేశించాక వీధిలో పని తగ్గి, విన్నపాలు, దస్తావేజుల పని మిగిలింది. అసలు చిక్కు అక్కడే మొదలైంది.

పాతవారు నలుగురూ టీ కొట్టు దగ్గరో, తమ వాట్సాప్ గ్రూపులోనో విషయం తేల్చుకుని వస్తే, సమావేశంలో కొత్తవారికి తలూపడం తప్ప పని ఉండదు. అందరి నిర్ణయం అన్న మాట మీద వారికి నమ్మకం పోయేది ఆ రోజే. అందుకే చర్చించే అంశాలను ముందుగానే అందరికీ పంపుతున్నాం. ఏం నిర్ణయించాం, ఎవరు ఎందుకు అభ్యంతరం చెప్పారు అన్నది ఒక పుస్తకంలో రాసి, కొత్తగా వచ్చినవారికి మొదట దాన్నే చదవమని ఇస్తున్నాం.

మాట్లాడే హక్కు, అభ్యంతరం చెప్పే హక్కు మొదటి రోజు నుంచే ఉండాలి. నిర్ణయాన్ని పూర్తిగా నిలిపివేసే హక్కు మాత్రం కొన్నాళ్లు కలిసి పనిచేశాకే ఇవ్వాలని నా అభిప్రాయం. ఇది సమానత్వానికి విరుద్ధమని మాలోనే కొందరు వాదిస్తారు, కానీ నిర్ణయం పర్యవసానాలను భరించేవారి చేతిలోనే దాన్ని ఆపే అధికారం ఉండడం న్యాయం.

సమావేశం ఇంగ్లీషులో సాగితే జిల్లాల నుంచి వచ్చిన విద్యార్థులు నోరు విప్పరు. తెలుగులో మొదలుపెట్టి, అవసరమైనవారికి పక్కనున్నవారు ఉర్దూలోనో ఇంగ్లీషులోనో చెప్పవచ్చు. హాస్టల్ గేటు మూసే వేళకు అమ్మాయిలు లేచి వెళ్లాక ముఖ్యమైన నిర్ణయాలు తీసుకోకండి.

ధర్నాకు పిలిచే ముందు, కేసులు పడే అవకాశం ఉంటే ఆ మాట దాచకుండా చెప్పి, లాయరు నంబరు ఇచ్చి, రాలేనివారికి వేరే పని చూపండి. ఆ పని పోస్టర్లు అంటించడమే కానక్కర్లేదు. సమాచార హక్కు చట్టం కింద దరఖాస్తు రాయడం పాతవారి తోడుతో ఎవరైనా నేర్చుకోగలరు. 30 రోజుల్లో రావలసిన జవాబును వెంటబడి తెప్పించే బాధ్యత కూడా దరఖాస్తు రాసిన కొత్తవారికే అప్పగించండి.