రేడియాలజీ పీజీ అయ్యాక రేడియాలజిస్టుల జాతీయ సంఘం ఐఆర్‌ఐఏలో చేరడం వల్ల ఉపయోగం ఉందా?

మీరు ఎండీ ఆఖరి ఏడాదిలో ఉన్నానన్నారు. ముందు ఉద్యోగమా, ఒక విభాగంలో ప్రత్యేక శిక్షణ ఇచ్చే ఫెలోషిప్పా, సంఘాల్లో సభ్యత్వం దండగా అని అడిగారు. నేనైతే కొంతకాలం జనరల్ రేడియాలజీ ఉద్యోగం చేసి, ఏ పని మీద మనసు నిలుస్తుందో చూసుకుని ఫెలోషిప్‌కి వెళ్లమంటాను. ఐఆర్‌ఐఏలో మాత్రం ఇప్పుడే చేరండి.

సర్జన్ పొట్ట తెరిస్తే తన అంచనా సరైనదో కాదో అప్పుడే తెలిసిపోతుంది. మనకలా కాదు. రిపోర్ట్ ఇచ్చేస్తాం, పేషెంట్ వెళ్లిపోతారు, తర్వాత ఏమైందో చెప్పేవాళ్లుండరు. కాలేజీలో ప్రొఫెసర్ గారు ఇంకోసారి చూస్తారు. చిన్న ఊరి స్కానింగ్ సెంటర్‌లో చేరిన మొదటిరోజు నుంచి సంతకం మీదొక్కరిదే. ఆ టెన్షన్‌ని నాకు తగ్గించింది మా ఊరి రేడియాలజిస్టుల నెలవారీ మీటింగ్. ఆపరేషన్‌లో ఏం కనబడిందో, బయాప్సీ ఏం చెప్పిందో కనుక్కుని మరీ కేసు తేవాలన్నది అక్కడి నియమం. నాకు నిజమైన పీజీ అక్కడే జరిగిందంటాను.

నేను గర్భస్థ శిశువుల స్కానింగ్ వైపు మళ్లింది కూడా సంఘం వల్లే. ఐఆర్‌ఐఏ 'సంరక్షణ్' అనే కార్యక్రమం నడుపుతోంది. 11-14 వారాల స్కాన్‌లోనే తల్లి గర్భాశయ ధమనుల డాప్లర్ (రక్తప్రవాహ పరీక్ష), బీపీ చూసి, ప్రీఎక్లాంప్సియా (గర్భంతో ఉండగా బీపీ పెరిగి తల్లీబిడ్డలకు ప్రమాదం తెచ్చే జబ్బు) ముప్పు ఎక్కువున్నవాళ్లను గుర్తించడం అందులో ముఖ్యమైన పని. అలాంటివాళ్లకు గైనకాలజిస్ట్ 16 వారాల లోపే తక్కువ డోసు ఆస్పిరిన్ మొదలుపెడితే, నెలలు నిండకముందే వచ్చే ప్రీఎక్లాంప్సియా బాగా తగ్గుతుంది. అంతవరకూ ఆ స్కాన్ అంటే నాకు ఎన్‌టీ, అంటే శిశువు మెడ వెనక ఉండే నీటిపొర మందం, కొలవడమే. మన రిపోర్ట్ వల్ల ఒక తల్లికి సమయానికి మందు పడుతుందన్నది నన్ను కదిలించింది.

ఇంకో సంగతి పీసీపీఎన్‌డీటీ చట్టం, అంటే గర్భస్థ శిశువు లింగ నిర్ధారణను నిషేధించే చట్టం. 1994 నాటి ఈ చట్టం కింద ప్రతి గర్భిణి స్కాన్‌కూ ఆ వివరాలు రాసే ఫారం-ఎఫ్ నింపాలి. అందులో లోపం దొరికితే, కాదని మీరు నిరూపించుకునేదాకా లింగ నిర్ధారణ నిషేధాన్ని ఉల్లంఘించినట్టే లెక్క. కడుపులోని ఆడపిల్లల కోసం వచ్చిన చట్టం కాబట్టి శ్రద్ధగా పాటించాల్సిందే. రికార్డులు ఎలా ఉంచాలో కొత్తవాళ్లకు ఓపికగా నేర్పేది సంఘంలోని సీనియర్లే. సెంటర్ పెట్టే ఆలోచనుంటే వాళ్లతో ఒకరోజు కూర్చోండి.

షికాగోలో జరిగే ఆర్‌ఎస్‌ఎన్‌ఏ, వియన్నాలో జరిగే ఈసీఆర్ లాంటి అంతర్జాతీయ రేడియాలజీ కాన్ఫరెన్స్‌లు గొప్పవే. వాటికి తొందరలేదు, ముందు రాష్ట్ర కాన్ఫరెన్స్ చాలు.

అయితే సభ్యత్వం తీసుకుని, కాన్ఫరెన్స్‌లో బ్యాగూ భోజనంతో తిరిగొస్తే ఏమీ మిగలదు. ఉద్యోగం కూడా సంఘం ఇప్పించదు. పదవుల పోటీ ఉంటుంది, ఇప్పట్లో దాని జోలికి పోకండి. ఒక పోస్టర్ పెట్టండి, క్విజ్‌కి కేసులు సేకరించే పని అడిగి తీసుకోండి. నలుగురూ మిమ్మల్ని పేరుతో పిలిచేది అలాంటి పనుల వల్లే. రేపు రాత్రి పదకొండింటికి ఎమ్మారై ముందు అనుమానం వస్తే మీరు ఫోన్ చేయగలిగేదీ వాళ్లకే. మీ థీసిస్ కేసుల్లో ఫాలోఅప్ దొరికినదాన్ని ఒకటి ఎంచి, ఈసారి రాష్ట్ర కాన్ఫరెన్స్‌కి గడువులోపు పంపించండి.