“ఐ హియర్ యూ” అంటే ఒప్పుకున్నట్టేనా?

“మీటింగ్‌లో నేను చెప్పిందంతా విని మా మేనేజర్ ‘ఐ హియర్ యూ’ అన్నారు. సరేనన్నారనుకుని పని మొదలుపెట్టేశాను. వారం తర్వాత, ‘నేనెప్పుడు ఒప్పుకున్నాను?’ అని అడిగారు. మాట్లాడటం, వినడం చుట్టూ ఇంగ్లీష్‌లో ఇలాంటి ఇడియమ్స్ చాలా ఉన్నాయట. వీటిని ఎలా పట్టుకోవాలి?” అన్నది మీ ప్రశ్న.

ముందు మీ మేనేజర్ అన్న మాట సంగతి చూద్దాం. “ఐ హియర్ యూ” అంటే మీరు చెప్పింది నాకు చేరింది, మీ ఇబ్బంది అర్థమైంది అని. అంతవరకే. దాని వెనకాల చాలాసార్లు ఒక “బట్” ఉంటుంది, బయటికి అనకపోయినా సరే. మీరు పొరపాటు పడటంలో వింతేమీ లేదు. తెలుగులో “వాడు నా మాట వింటాడు” అంటే చెప్పినట్టు చేస్తాడనే కదా అర్థం. మనకు మాట వినడమంటే ఒప్పుకుని నడుచుకోవడం. ఆ అలవాటుతోనే మీ చెవి “ఐ హియర్ యూ”ని “సరే, కానివ్వు”గా పట్టుకుంది.

నా అనుభవంలో మనల్ని ఎక్కువగా ఇబ్బంది పెట్టేవి ఇలాంటివే. అసలు అర్థంకాని ఇడియమ్ ఎదురైతే ఆగి, ఎవరినో అడిగి తెలుసుకుంటాం. తెలిసినట్టు అనిపించేదాని దగ్గర ఎవరినీ అడగం.

ఉద్యోగంలో చేరిన మొదటి ఏడాది జరిగింది చెప్తాను. క్లయింట్ దగ్గర్నుంచి రావాల్సిన ఫైలు ఆలస్యమైంది. నేనే ఫోన్ చేశాను. ఆయన చాలా మర్యాదగా మాట్లాడి, మర్నాటికల్లా పంపిస్తానన్నారు. ఆ సంగతి మా టీమ్ లీడ్‌కి మెయిల్‌లో రాస్తూ “ఐ హ్యాడ్ వర్డ్స్ విత్ హిమ్ దిస్ మార్నింగ్” అన్నాను. పావుగంటలో ఆవిడ ఫోన్. “ఏమైంది? గొడవ ఎక్కడ మొదలైంది? నువ్వేమన్నావ్?” అని ఒకటే ప్రశ్నలు. అప్పటికే ఆవిడ క్లయింట్‌కి క్షమాపణ చెప్తూ మెయిల్ కూడా పెట్టేశారు. ఎందుకు క్షమించాలో తెలియక ఆ పెద్దమనిషి తిరిగి నాకు రాశారు. “హ్యావ్ ఎ వర్డ్” అంటే కాసేపు మాట్లాడటం. “హ్యావ్ వర్డ్స్” అంటే మాటామాటా అనుకోవడం. ఎన్నో మాటలు మాట్లాడుకున్నాం కాబట్టి బహువచనం వాడాలనుకున్నాను. ఆ రోజంతా టెన్షన్‌తో గడిచింది.

అంతకుముందు నేను కూడా ఇడియమ్స్ లిస్టులు బట్టీపట్టినదాన్నే. ఆ రోజు నుంచి ఒక నోట్‌బుక్ పెట్టుకుని, అర్థం రాయడం మానేసి, ఎవరు ఎవరితో ఏ సందర్భంలో అన్నారు, అవతలివాళ్లు ఏమని బదులిచ్చారు, ఇవి రాసుకోవడం మొదలుపెట్టాను. మెల్లమెల్లగా తెలిసిందేమంటే, నోరు, నాలుక, చెవి రెండు భాషల్లోనూ ఉన్నా, అవి చేసే పనులు వేరు.

నాలుక కరుచుకోవడమే తీసుకోండి. మనం అనకూడని మాట అనేసి, అయ్యో అనుకున్నాక నాలుక కరుచుకుంటాం. ఇంగ్లీష్‌లో “బైట్ యువర్ టంగ్” అంటే అనబోయిన మాటను ఆపుకోవడం. మనది మాట దాటిపోయాక, వాళ్లది దాటకముందు. ఎవరైనా “ఐ హ్యాడ్ టు బైట్ మై టంగ్” అంటే ఏదో నోరు జారారని అనుకోకండి. కోపం వచ్చినా ఓర్చుకున్నారన్నమాట.

మాట మింగేయడం దీనికి సరిగ్గా తిరగేసినట్టు ఉంటుంది. తెలుగులో మాట మింగేశాడంటే చెప్పాల్సింది చెప్పకుండా లోపలే దాచుకున్నాడని. ఇంగ్లీష్‌లో “ఈట్ యువర్ వర్డ్స్” అంటే అప్పటికే గట్టిగా అనేసినదాన్ని, తప్పని తేలాక వెనక్కి తీసుకోవాల్సి రావడం. ఇక చెవులు కొరుక్కోవడమంటే మనకు గుసగుసలు. అక్కడ “చ్యూ సమ్‌వన్స్ ఇయర్ ఆఫ్” అంటే ఎదుటివాళ్లు విసుగెత్తేదాకా ఆపకుండా మాట్లాడటం. మన చెవిలో ఇల్లు కట్టుకుని పోరడం దానికి కాస్త దగ్గర.

అచ్చంగా కలిసేవీ ఉన్నాయి, వాటి గురించి బెంగపడక్కర్లేదు. గోడలకు చెవులుండటం, ఈ చెవితో విని ఆ చెవితో వదిలేయడం, మాట ఇవ్వడం, రెండు వైపులా ఒకటే. “ఎ వర్డ్ ఇన్ యువర్ ఇయర్” అంటే మన చెవిన వేయడమే. “బీట్ అరౌండ్ ద బుష్” మన డొంకతిరుగుడు. అది పిట్టల వేట నుంచి వచ్చింది. పొదల చుట్టూ కొడుతూ పిట్టల్ని లేపుతారు కానీ, అసలు వేట ఇంకా మొదలవ్వదు. రెండు భాషలూ ఆ పొదల దగ్గరే కలుసుకోవడం నాకు భలే ఇష్టం.

ఒకదానికొకటి ఎదురుగా నిలబడే జంట ఒకటుంది, తప్పకుండా గుర్తుపెట్టుకోండి. “యూ టుక్ ద వర్డ్స్ రైట్ అవుట్ ఆఫ్ మై మౌత్” అంటే నేను అనబోయేది మీరే అనేశారు అని సంతోషంగా ఒప్పుకోవడం. “యూ ఆర్ పుటింగ్ వర్డ్స్ ఇన్ మై మౌత్” అంటే నేను అనని మాట నాకు అంటగడుతున్నారు అని అభ్యంతరం. రెండింట్లోనూ మాటలున్నాయి, నోరుంది. మొదటిదానికి నవ్వాలి, రెండోదానికి వెంటనే వెనక్కి తగ్గాలి.

బదులు ఇవ్వడం దగ్గర కూడా తేడా వస్తుంది. “యూ కెన్ సే దట్ అగైన్” అంటే మళ్లీ చెప్పమని కాదు, నూటికి నూరుపాళ్లు నిజం అని. “టెల్ మీ అబౌట్ ఇట్” అని ఒక రకమైన నిట్టూర్పుతో అంటే, ఆ కష్టం నాకూ తెలుసు అని. అది వినగానే మా సహోద్యోగి ఒకరు మొదటినుంచి అంతా వివరించడం మొదలుపెట్టారు. గొంతు వినాలి. పుస్తకంలో గొంతు ఉండదు, అందుకే వీటిని సంభాషణల్లో వింటూ నేర్చుకోమంటాను.

వార్త ఎంత నమ్మదగిందో చెప్పేవి ఆఫీసులో బాగా పనికొస్తాయి. “హర్డ్ ఇట్ త్రూ ద గ్రేప్‌వైన్” అంటే ఆ నోటా ఈ నోటా విన్నాను అని. 1844లో టెలిగ్రాఫ్‌ను రూపొందించినవాళ్లలో ఒకరైన మోర్స్ వాషింగ్టన్ నుంచి బాల్టిమోర్‌కు టెలిగ్రాఫ్ సందేశం పంపి చూపించాక అమెరికా అంతా తీగలు పరుచుకున్నాయి. మనుషుల నోటిమీదుగా వంకర్లు తిరుగుతూ పాకే కబురుకు ద్రాక్షతీగ టెలిగ్రాఫ్ అని పేరొచ్చింది. 1861-65 నాటి అంతర్యుద్ధ కాలంలో గాలివార్తలకు ఆ మాట బాగా వాడారు. దానికి అవతలి కొసన “స్ట్రెయిట్ ఫ్రమ్ ద హార్సెస్ మౌత్” ఉంది, అంటే సంగతి బాగా తెలిసినవాళ్ల నోటే నేరుగా విన్నాను అని. గుర్రప్పందేల్లో ఏది గెలుస్తుందో గుర్రానికి దగ్గరగా ఉన్నవాళ్లకే బాగా తెలుస్తుందంటారు, గుర్రమే చెప్తే ఇక తిరుగేముంది! ఎవరైనా మొదటిది అంటే ఆ కబురు ఇంకెవరికీ ఫార్వర్డ్ చేయకండి.

ఇంగ్లీష్‌ని మాతృభాషగా మాట్లాడేవాళ్లకూ ఈ తికమక తప్పలేదు. ఒక విషయాన్ని “టేబుల్” చేయడమంటే బ్రిటన్‌లో వెంటనే చర్చకు పెట్టడం, అమెరికాలో పక్కన పెట్టేయడం. రెండో ప్రపంచ యుద్ధంలో ఈ ఒక్క మాట మీద రెండు దేశాల సైనికాధికారులు చాలాసేపు ఘాటుగా వాదించుకున్నారని అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ రాశారు. చివరికి చూస్తే ఇద్దరూ కోరుకుంటున్నది ఒకటే.

మీ విషయానికొస్తే, మేనేజర్ ఈసారి “ఐ హియర్ యూ” అన్నప్పుడు థాంక్స్ చెప్పి, “సో, షల్ ఐ గో అహెడ్ విత్ ఇట్?” అని అక్కడికక్కడే అడిగేయండి. దానికి “యెస్” అనో “నాట్ యెట్” అనో చెప్పి తీరాలి. ఏం చెప్పారో రెండు లైన్లలో మెయిల్ పెట్టుకోండి. నేనిప్పటికీ ఇలాగే చేస్తున్నాను.