బీగాల గుత్తి పట్టుకుని నిద్రపోయే పిల్లాడు

ప్రశ్న: నమస్తే మేడం. మాది అనంతపురం. మా బాబుకు మూడేళ్ల రెండు నెలలు. ఏడాది నుంచి వాడికి బీగాల పిచ్చి పట్టుకుంది. ఎన్ని బొమ్మలు కొనిచ్చినా పక్కన పడేస్తాడు. బీరువా, గేటు, మిద్దె మీది గది, మా ఆయన బండి, ఎక్కడ బీగం కనబడితే అక్కడే కూర్చుంటాడు. ఎవరింటికి పోయినా చెప్పులు విడవకముందే తలుపు గొళ్లెం దగ్గరికి పరుగెత్తుతాడు. రాత్రి మా అత్త బీగాల గుత్తి గుప్పిట్లో ఉంటేనే నిద్రపోతాడు. లాక్కుంటే ఊపిరి బిగబట్టి ఏడుస్తాడు. మాటలు బాగానే వచ్చాయి. ‘అమ్మా, ఈ బీగం నిద్రపోతాంది, లేపేదా?’ అని అడుగుతుంటాడు.

మొన్న మా ఆడపడుచు కూతురి పెళ్లిలో స్టోర్ రూం బీగం చెవి తీసి ఎక్కడో దాచేశాడు. వడ్డించాల్సిన ఓళిగలు లోపలే ఉండిపోయాయి. అందరూ గంటసేపు వెతికారు. మా ఆయన అందరి ముందే వాణ్ణి కొట్టాడు. పోయిన వారం బాత్రూంలోకి వెళ్లి లోపల గడియ పెట్టుకున్నాడు, తీయడం రాలేదు. ఆ ఇరవై నిమిషాలూ నా ప్రాణం పోయినట్టయింది. ‘ఇట్లే వదిలేస్తే దొంగ అయితాడు’ అంటుంది మా అత్త. ఆటిజం ఏమో చూపించమంది పక్కింటావిడ. అప్పటి నుంచి టెన్షన్‌తో నాకు నిద్ర లేదు. బీగాలన్నీ దాచేయాలా? ఈ పిచ్చి మాన్పించేదెట్లా?
ఒక తల్లి, అనంతపురం

జవాబు: అమ్మా, ‘ఈ బీగం నిద్రపోతాంది, లేపేదా?’ అని మీవాడు అడిగాడన్నారే, ఆ ఒక్క మాట దగ్గర నేను చాలాసేపు ఆగిపోయాను. మీ టెన్షన్‌కు సగం జవాబు అందులోనే ఉంది. వాడు బీగాన్ని ప్రాణమున్న మనిషిగా ఊహించాడు. ఆ ఊహను మీకు చెప్పాడు. లేపాలా వద్దా అని మిమ్మల్నే అడిగాడు.

నేను కర్నూలులో 27 ఏళ్లు అంగన్‌వాడీ టీచరుగా పనిచేశాను. ఒకే వస్తువు మీద ప్రాణం పెట్టుకున్న పిల్లలు ప్రతి ఏడూ ఒకరో ఇద్దరో వచ్చేవారు. ఒకడికి ఫ్యాను, ఇంకొకడికి చీపురు, ఒక పాపకు కుక్కరు విజిల్. అలాంటి పిల్లల్లో నేను ముందుగా చూసేది ఒకటే. ఆ వస్తువును చేతిలో పట్టుకుని తలెత్తి మన ముఖం వైపు చూస్తున్నారా? ‘చూడు’ అని చూపిస్తున్నారా? మీవాడు చూపిస్తున్నాడు. అమెరికాలో జూడీ డీలోష్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త, తోటి పరిశోధకులతో కలిసి 2007లో ప్రచురించిన అధ్యయనంలో, చిన్నపిల్లల్లో దాదాపు మూడో వంతు మందికి ఇలాంటి గాఢమైన ఇష్టం ఉందని తేలింది. ఆడపిల్లల కంటే మగపిల్లల్లో ఎక్కువ. కాబట్టి మీవాడు ఒంటరివాడేమీ కాదు.

అసలు ఆ వయసులో బీగమంటే ఎంత పెద్ద సంగతో ఆలోచించండి. అన్నం ఎప్పుడు, స్నానం ఎప్పుడు, ఏ చొక్కా వేసుకోవాలి, అన్నీ మనమే చెబుతాం. బీగం మాత్రం వాడు తిప్పితే తిరుగుతుంది. ‘టక్’మని తెరుచుకుంటుంది. వందసార్లు తిప్పినా వందసార్లూ అదే పని చేస్తుంది. పైగా అవ్వ ఏ వస్తువును నడుముకు దోపుకుని తిరుగుతుందో వాడు రోజూ చూస్తున్నాడు. ఇంట్లో అంతకంటే విలువైనది వాడి కంటికి ఇంకేం కనబడుతుంది?

ఇక్కడ నేను చేసిన తప్పు ఒకటి మీకు చెప్పాలి. మా చిన్నోడికి రెండున్నరేళ్లప్పుడు కొళాయి పిచ్చి ఉండేది. మా వీధికి తెల్లవారుజామున గంటసేపే నీళ్లు వచ్చేవి. ఒకరోజు నేను బిందెలతో మోసి డ్రమ్ము నింపి లోపలికి వెళ్లి వచ్చేలోపు, వాడు డ్రమ్ముకున్న కొళాయి తిప్పి నీళ్లన్నీ వదిలేశాడు. నడుము నొప్పితో, కోపంతో చెయ్యి ఎర్రబడేలా కొట్టాను. వాడు మళ్లీ కొళాయి ముట్టుకోలేదు. సమస్య తీరిందనుకున్నాను. కొన్ని వారాలకు గానీ నాకు తెలియలేదు. అంతకుముందు నా కొంగు పట్టుకుని ‘ఇదేంది, అదెందుకు’ అని తిరిగిన పిల్లాడు నన్ను ఏదీ అడగడం లేదు. మళ్లీ అడగడం మొదలుపెట్టడానికి చాలా నెలలు పట్టింది. ఆ నెలలు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కళ్లలో నీళ్లు తిరుగుతాయి. అందుకే ఇంత గట్టిగా చెబుతున్నా, బీగాలన్నీ దాచేయకండి. పెళ్లిలో తిన్న దెబ్బ చాలు వాడికి. మీ ఆయనకు ఈ పేరా చదివి వినిపించండి.

ముందు వాడికంటూ ఒక బీగం కొనివ్వండి. పాతూరులో ఏ ఇనుప సామాన్ల కొట్టుకు వెళ్లినా దొరుకుతుంది. అరచేతిలో పట్టేంత పెద్దది, చెవి కూడా పెద్దదే తీసుకోండి. సూట్‌కేసు బీగాల్లాంటి బుల్లి చెవులు వద్దు, మింగేస్తారు. ఆ చెవికి ఎర్ర రిబ్బను కట్టి, వాడికి అందే ఎత్తులో గోడకు కొక్కెం పెట్టించండి. ‘ఇది నీ బీగం, ఇది దాని ఇల్లు’ అని చెప్పండి. తీసేదీ వాడే, తగిలించేదీ వాడే. అవ్వ గుత్తి మాత్రం అవ్వను అడిగే తీసుకోవాలి. రాత్రి పడుకునేటప్పుడు బీగం కూడా కొక్కెం మీద నిద్రపోవాలని చెప్పండి. ఆ ఆట వాడే మొదలుపెట్టాడు కదా, వినే అవకాశం ఎక్కువ. మొదటి నాలుగు రాత్రులు ఏడుస్తాడు. పక్కనే కూర్చోండి, గుత్తి మాత్రం ఇవ్వకండి.

సాయంత్రం నాన్న వచ్చాక గేటు బీగం వేసే పని వాడికి అప్పగించండి. పక్కన పెద్దవాళ్లు ఉండాల్సిందే. అది వాడి ఉద్యోగం అనుకోనివ్వండి. ఆట ఆపాల్సి వచ్చినప్పుడు ‘ఐదు నిమిషాలు’ అంటే మూడేళ్ల పిల్లాడికి అర్థం కాదు. ‘ఇంకో రెండుసార్లు తిప్పు, తర్వాత అన్నం’ అనండి. రెండు అంటే రెండే.

మాటలు కూడా ఆ బీగం చుట్టూనే అల్లండి. పెద్దది, చిన్నది, తుప్పు పట్టింది, నూనె వేసింది. బీగం మీద ‘6 లివర్లు’ అని ఉంటే చూపించండి. లోపల ఆరు పల్చటి రేకులుంటాయి, చెవికున్న పళ్లు ఆ ఆరింటినీ సరైన ఎత్తుకు లేపితేనే గడియ కదులుతుంది, వేరే చెవి పెడితే రేకులు సరిగ్గా లేవవు. మూడేళ్లవాడికి ఇదంతా అర్థం కాకపోవచ్చు గానీ, ‘లోపల ఆరుగురున్నారు, అందరూ లేస్తేనే తలుపు’ అంటే కళ్లు పెద్దవి చేసుకుని వింటాడు.

మా సెంటర్‌లో అచ్చం మీవాడిలాంటి నాలుగేళ్ల పిల్లాడు ఉండేవాడు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ కలిసి కర్నూలును ముంచినప్పుడు, నీళ్లు తీసాక ఏ ఇంట్లో చూసినా బీరువాలు బురదతో బిగుసుకుపోయి ఉన్నాయి. బీగాలు రిపేరు చేసే ఒక పెద్దాయన ఇల్లిల్లూ తిరిగి, కిరసనాయిలు పోసి, చిన్న సుత్తితో తట్టి ఒక్కొక్కటే తెరిచేవాడు. ఆ పిల్లాడు రోజంతా ఆయన వెనకాలే. ఆయన విసుక్కోలేదు. ఆకురాయి ఇవ్వు, గుడ్డ ఇవ్వు అని పనిలో పెట్టుకున్నాడు. నాతో నాలుగు మాటలు కూడా కలపని పిల్లాడు ఆ పదిహేను రోజుల్లో వీధి మొత్తానికీ కబుర్లు చెప్పాడు. మరుసటి ఏడు వాడికి బీగాలు గుర్తే లేవు, మేకల వెంట పడ్డాడు. మీరూ టవర్ క్లాక్ వైపు వెళ్లినప్పుడు చెవులు చేసే ఆయన ఎవరైనా కనబడితే, ఇంట్లో ఒక చెవికి నకలు చేయించండి. ఆకురాయితో అరగదీస్తుంటే చూడనివ్వండి.

ఇక జాగ్రత్తల విషయంలో మాత్రం నేను మెత్తబడను. బాత్రూం లోపలి గడియను మీ భుజం ఎత్తుకు మార్పించండి. గుండ్రటి నాబ్ తాళాలుంటే వాటి చెవులు గది బయటే ఉండాలి. చెవి కనబడితే దూర్చడానికి రంధ్రం వెతుకుతాడు, కాబట్టి కింద ఉన్న ప్లగ్ పాయింట్లన్నింటికీ మూతలు పెట్టండి. బండికి చెవి వదిలేసి లోపలికి రావద్దని మీ ఆయనకు చెప్పండి. కారు రిమోట్ చెవి అస్సలు ఇవ్వకండి. అందులోని బిళ్ల బ్యాటరీ మింగితే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోవచ్చు. మింగాడని అనుమానం వచ్చినా వెంటనే ఆసుపత్రికి పరుగెత్తాలి. అదే రిమోట్‌తో కారెక్కి లాక్ చేసుకునే ప్రమాదమూ ఉంది. ఎండలో నిలిపిన కారు లోపల పది నిమిషాల్లోనే పది డిగ్రీల దాకా వేడి పెరుగుతుంది. మన అనంతపురం ఎండల సంగతి మీకు నేను చెప్పాలా? ఇత్తడి చెవుల్లో కొంత సీసం ఉండొచ్చు, అందుకని నోట్లో పెట్టనివ్వకండి, ఆడాక చేతులు కడగండి.

ఆటిజం గురించి. ఒక వస్తువు మీద ఇష్టం ఉన్నంత మాత్రాన ఆటిజం అయిపోదు. పేరు పెట్టి పిలిస్తే తిరగకపోవడం, కావాల్సినదాన్ని వేలితో చూపించకపోవడం, కళ్లలోకి చూడకపోవడం, వచ్చిన మాటలు పోవడం, తోటి పిల్లలు వచ్చినా పట్టించుకోకపోవడం, ఇలాంటివి కనబడితే ఆలస్యం చేయకూడదు. మీ ఉత్తరంలో అవేవీ లేవు. అయినా పక్కింటావిడ మాట మీ నిద్ర పోగొట్టింది కదా, ఒకసారి పిల్లల డాక్టరుకు చూపించండి. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు. పిల్లల ఆరోగ్యం పరీక్షించే ప్రభుత్వ పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం, 2013లో మొదలైంది, ఆ పథకం వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లల్ని ఏడాదికి రెండుసార్లు చూస్తాయి. వాడు అంగన్‌వాడీకి వెళ్తుంటే టీచరుకు ముందే చెప్పి ఉంచండి. ఊపిరి బిగబట్టి ఏడుస్తాడన్న సంగతి డాక్టరుకు తప్పకుండా చెప్పండి. అలా ఏడ్చే పిల్లల్లో కొందరికి రక్తం తక్కువగా ఉంటుంది, చిన్న పరీక్షతో తెలుస్తుంది.

మీ అత్తగారితో వాదనకు దిగకండి. ఆమె గుత్తిలో ఏ చెవి ఏ పెట్టెది, ఆ పెట్టె ఎవరి పెళ్లినాటిది అని మనవడికి చెప్పమని అడగండి. దాచినవాణ్ణి దొంగ అనడం కంటే ‘తెచ్చి ఇయ్యి నాయనా’ అనడం అవ్వకే బాగా వస్తుంది.

బాత్రూం గడియ మాత్రం ఇది చదివిన రోజే మార్పించండి. మిగతావి నిదానంగా చేసుకోవచ్చు.