టెక్ సందేహాలు: కెర్నల్ పరీక్షలను వర్చువల్ మెషీన్‌కు అప్పగించాలంటే

ప్రశ్న: లినక్స్ కెర్నల్‌లోని (ఆపరేటింగ్ సిస్టమ్ మూల భాగంలోని) ఇంటెల్ ఈ1000ఈ నెట్‌వర్క్ డ్రైవర్‌లో చిన్న చిన్న మార్పులు చేస్తూ కెర్నల్ ప్రోగ్రామింగ్ నేర్చుకుంటున్నాను. మార్పు చేసిన ప్రతిసారీ కొత్త కెర్నల్‌ను నా ల్యాప్‌టాప్‌లోనే ఇన్‌స్టాల్ చేసి, రీబూట్ చేసి చూడవలసి వస్తోంది. ఒక్కోసారి ల్యాప్‌టాప్ అసలు బూట్ కావడం లేదు. బిల్డ్ నుంచి ఫలితం దాకా అంతా వర్చువల్ మెషీన్‌లో దానంతటదే జరిగే మార్గం ఉందా? వర్చువల్‌బాక్స్‌లో ఇప్పటికే ఒక లినక్స్ ఉంది, అది సరిపోతుందా?

జవాబు: మార్గం ఉంది, కానీ ఈ పనికి వర్చువల్‌బాక్స్ కంటే క్యూఈఎంయూ అనే మరో వర్చువల్ మెషీన్ సాఫ్ట్‌వేర్ ఎంతో అనువైనది. బిల్డ్ చేసిన కెర్నల్ ఫైలును, బూట్ పారామీటర్లను (బూట్ సమయంలో కెర్నల్‌కు ఇచ్చే సెట్టింగులను) కమాండ్ లైన్‌లోనే దానికి నేరుగా ఇవ్వవచ్చు కాబట్టి, వర్చువల్ మెషీన్ లోపల కెర్నల్‌ను ఇన్‌స్టాల్ చేయడం, బూట్‌లోడర్‌ను సవరించడం వంటి పనులేవీ ఉండవు. పైగా ఈ1000ఈ కార్డును క్యూఈఎంయూ అనుకరించగలదు కనుక, మీ డ్రైవర్‌కు పరీక్షించుకోవడానికి ఒక పరికరం దొరుకుతుంది. వేరే డ్రైవర్లతో పనిచేసే పాఠకులు ఈ విషయాన్ని ముందే చూసుకోవాలి. క్యూఈఎంయూ అనుకరించలేని హార్డ్‌వేర్ అయితే, లెక్కలు, డేటా నిర్మాణాల వంటి భాగాలను కెర్నల్‌లోనే ఉన్న కేయూనిట్ అనే పరీక్షా వ్యవస్థతో పరీక్షించుకోగలరు గానీ మిగతాదానికి అసలు పరికరం ఉండి తీరాలి.

వేగం కోసం కేవీఎం (ప్రాసెసర్‌లోని వర్చువలైజేషన్ సదుపాయాన్ని వాడుకునే వ్యవస్థ) అవసరం. ఇది 2007లో వచ్చిన 2.6.20 వెర్షన్ నుంచి కెర్నల్‌లోనే భాగంగా ఉంది. డెవ్ డైరెక్టరీలో కేవీఎం పేరుతో ఫైల్ కనిపించకపోతే, బయోస్‌లో వర్చువలైజేషన్ ఆపివేసి ఉందేమో చూడండి. కేవీఎం లేకపోయినా క్యూఈఎంయూ పనిచేస్తుంది, కానీ ప్రాసెసర్‌ను పూర్తిగా సాఫ్ట్‌వేర్‌లోనే అనుకరించవలసి రావడంతో చాలా నెమ్మదిగా నడుస్తుంది.

మీ డిస్ట్రిబ్యూషన్ కెర్నల్ కాన్ఫిగ్‌ను (ఏయే భాగాలు బిల్డ్ కావాలో చెప్పే ఫైల్‌ను) కాపీ చేసుకోకండి. వేల మాడ్యూళ్లు (విడిగా లోడ్ చేసుకునే కెర్నల్ భాగాలు) బిల్డ్ అయ్యేసరికి పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. డెఫ్‌కాన్ఫిగ్ అనే డిఫాల్ట్ కాన్ఫిగ్‌తో మొదలుపెట్టి, దానిపై కెర్నల్ సోర్స్‌లోనే ఉన్న కేవీఎం గెస్ట్ (వర్చువల్ మెషీన్ లోపలి సిస్టమ్) కాన్ఫిగ్‌ను కలిపితే వర్చువల్ మెషీన్‌కు కావలసినవి చాలావరకు వచ్చేస్తాయి. వర్టియో అనే వర్చువల్ డిస్క్ డ్రైవర్, మీ రూట్ ఫైల్ సిస్టమ్ డ్రైవర్ మాడ్యూళ్లుగా కాకుండా కెర్నల్‌లోనే ఉండేలా చూడండి. లేకపోతే రూట్ ఫైల్ సిస్టమ్‌ను మౌంట్ చేయలేకపోతున్నానంటూ, చివర అన్‌నోన్ బ్లాక్ (0,0) అనే మాటతో కెర్నల్ పానిక్ అవుతుంది, అంటే కోలుకోలేక ఆగిపోతుంది. కొత్తవారు ఇది చూసి తమ మార్పులోనే తప్పుందని అనుమానించి గంటల తరబడి వెతుకుతారు; అక్కడ సాధారణంగా లోపించేది కాన్ఫిగ్‌లో ఒకటి రెండు వరుసలే.

డిస్క్ ఇమేజ్ తయారుచేసే ఓపిక లేకపోతే వర్ట్‌మీ-ఎన్‌జీ అనే ఉపకరణాన్ని వాడండి. అది మీ సొంత సిస్టమ్ ఫైళ్లనే వర్చువల్ మెషీన్‌కు రూట్‌గా చూపిస్తుంది. ఇమేజ్ వాడేవారు స్నాప్‌షాట్ ఆప్షన్ పెట్టుకుంటే, గెస్ట్ రాసినదంతా చివర్లో చెరిగిపోయి, ప్రతి పరీక్షా ఒకే స్థితి నుంచి మొదలవుతుంది.

ఇంతవరకు అమర్చుకోవడం పెద్ద కష్టమేమీ కాదు. పరీక్ష నెగ్గిందో లేదో ఈ దశలన్నీ నడిపే మీ స్క్రిప్ట్ ఎలా తెలుసుకుంటుందన్నదే అసలు చిక్కు. పానిక్ అయిన కెర్నల్ అలాగే ఆగిపోయి ఉంటుంది కాబట్టి, పానిక్ పారామీటర్‌కు మైనస్ 1 ఇస్తే అది వెంటనే రీబూట్‌కు ప్రయత్నిస్తుంది. క్యూఈఎంయూకు నో-రీబూట్ ఆప్షన్ ఇస్తే ఆ ప్రయత్నంతోనే అది ముగిసిపోతుంది. చాలామంది ఇక్కడితో ఆగిపోతారు. అయితే అలా ముగిసిన క్యూఈఎంయూ మామూలుగా తిరిగి ఇచ్చే ఎగ్జిట్ కోడ్ 0 (విజయానికి గుర్తు). అంటే కెర్నల్ కుప్పకూలినా, ఎగ్జిట్ కోడ్‌ను మాత్రమే చూసే స్క్రిప్ట్ దాన్ని విజయంగానే నమోదు చేసుకుంటుంది!

అందుకే వైఫల్యం జాడలను వెతకడం మీద ఆధారపడకండి. విజయానికి రుజువు అడగండి. గెస్ట్ కన్సోల్‌ను సీరియల్ పోర్టుకు మళ్లించి, ఆ అవుట్‌పుట్‌ను ఒక ఫైల్‌లోకి తీసుకోండి. పరీక్షలన్నీ పూర్తయ్యాక గెస్ట్ ఒక ప్రత్యేకమైన వాక్యాన్ని ముద్రించాలి. ఆ వాక్యం ఫైల్‌లో ఉంటేనే విజయం, లేకపోతే కారణం ఏదైనా వైఫల్యమే. ఆ వాక్యాన్ని బూట్ పారామీటర్లలో మాత్రం ఇవ్వకండి. బూట్ అయ్యేటప్పుడు కెర్నల్ తన కమాండ్ లైన్ మొత్తాన్ని లాగ్‌లో ముద్రిస్తుంది కాబట్టి, ఒక్క పరీక్షయినా మొదలుకాకముందే మీ స్క్రిప్ట్‌కు ఆ వాక్యం దొరికిపోతుంది. క్యూఈఎంయూను టైమ్‌అవుట్ కమాండ్ కింద నడిపితే, వేలాడిపోయిన కెర్నల్ గడువు తీరగానే 124 అనే కోడ్‌తో బయటపడుతుంది.

ఇక కుప్పకూలకుండానే తప్పు జరిగే సందర్భాలు ఉంటాయి. ఊప్స్ (కెర్నల్ పూర్తిగా ఆగకుండానే నమోదు చేసే తీవ్రమైన లోపం) వచ్చినప్పుడు పానిక్ కమ్మని చెప్పే పారామీటర్ ఉంది, దాన్ని తప్పక పెట్టండి. హెచ్చరికకు కూడా పానిక్ చేయించవచ్చు గానీ, మీ మార్పుతో సంబంధం లేని పాత హెచ్చరిక ఒకటి బూట్‌లోనే వస్తే పరీక్ష ముందుకు సాగదు. అందువల్ల మొదట్లో టెయింట్ విలువను (కెర్నల్‌లో ఏదైనా తేడా జరిగితే గుర్తుపెట్టుకునే సంఖ్యను) చూడటమే మేలని నా అభిప్రాయం. ప్రాక్ కింద సిస్, దాని కింద కెర్నల్ డైరెక్టరీలో ఉండే టెయింటెడ్ అనే ఫైల్‌లో ఒక సంఖ్య ఉంటుంది. హెచ్చరిక వస్తే అందులో 512, ఊప్స్ వస్తే 128 కలుస్తాయి. మీ డ్రైవర్‌ను సోర్స్ ట్రీ వెలుపల బిల్డ్ చేస్తే 4096 కూడా చేరుతుంది, అది తప్పు కాదు. మార్పు చేయని కెర్నల్‌తో ఒకసారి నడిపి, వచ్చిన సంఖ్యను రాసిపెట్టుకుని, ఆ తరువాత దానితోనే పోల్చండి. ఈ తనిఖీ డ్రైవర్ మాడ్యూల్‌ను తొలగించిన తరువాతే జరగాలి, ఎందుకంటే విడుదల చేయని మెమరీ, ఆపని టైమర్ వంటివి సాధారణంగా తొలగించే సమయంలోనే బయటపడతాయి.

కెర్నల్ సోర్స్‌లోని కేసెల్ఫ్‌టెస్ట్ అనే పరీక్షల సమాహారంలో మీకు సంబంధించిన డైరెక్టరీని మాత్రమే నడపండి. అందులో 4 అనే ఎగ్జిట్ కోడ్‌కు పరీక్షను దాటవేశామని అర్థం. దాన్ని విజయాల్లో కలపకండి. కాన్ఫిగ్‌లో ఒక ఆప్షన్ లేకపోవడం వల్ల పరీక్షలన్నీ దాటిపోయి, ఎక్కడా వైఫల్యం లేని ఫలితం రావడం తరచుగా జరిగేదే.

ప్రశ్న: పాత కెర్నల్‌లో పనిచేసినది కొత్తదానిలో పనిచేయడం లేదు. ఏ మార్పు వల్ల చెడిందో ఇదే పద్ధతిలో కనిపెట్టవచ్చా?

జవాబు: నిక్షేపంగా. తప్పు చొరబడిన కమిట్‌ను (నమోదైన మార్పును) వెతికే గిట్ బైసెక్ట్‌కు రన్ అనే ఉపకమాండ్ ఉంది. పై స్క్రిప్ట్‌ను దానికి ఇస్తే ప్రతి దశలోనూ బిల్డ్, బూట్, పరీక్ష జరిపి ఫలితాన్ని బట్టి తదుపరి కమిట్‌ను అదే ఎంచుకుంటుంది. ప్రతిసారీ సగానికి సగం తగ్గుతాయి కాబట్టి 10,000 కమిట్ల మధ్య దాగిన తప్పు దాదాపు 14 దశల్లో దొరుకుతుంది. 0 వస్తే మంచిదని, 1 నుంచి 127 వరకు ఏది వచ్చినా చెడ్డదని అది భావిస్తుంది. 125 ఒక్కటే మినహాయింపు, ఆ కమిట్‌ను వదిలేయమని దాని అర్థం. కనుక బిల్డ్ విఫలమైనప్పుడు మీ స్క్రిప్ట్ 125 ఇవ్వాలి. లేదంటే కంపైల్ కాని అమాయకపు కమిట్ నేరస్థుల జాబితాలో చేరిపోతుంది. టైమ్‌అవుట్ ఇచ్చే 124 చెడ్డదిగానే లెక్కకు వస్తుంది, వేలాడిపోయే కెర్నల్‌కు అది సరైనదే. స్క్రిప్ట్‌ను సోర్స్ ట్రీ బయట ఉంచండి. కమిట్ మారినప్పుడల్లా లోపలి ఫైళ్లు కూడా మారిపోతాయి.

ప్రశ్న: కేఎసాన్ (మెమరీ తప్పులను పట్టే కెర్నల్ సాధనం) ఆన్ చేస్తే 512 ఎంబీ వర్చువల్ మెషీన్‌లో మెమరీ చాలడం లేదు. దాన్ని తీసేయవచ్చా?

జవాబు: తీసేయకండి. సాధారణ కేఎసాన్ మెమరీలో ఎనిమిదో వంతును తన లెక్కల కోసం వాడుకుంటుంది, దానికి తోడు ప్రతి కేటాయింపు చుట్టూ కాపలా జాగా ఉంచుతుంది. విడుదలైన మెమరీని కూడా కొంతసేపు తన దగ్గరే అట్టిపెట్టుకుంటుంది. గెస్ట్‌కు 2 జీబీ ఇచ్చి చూడండి. రోజంతా నడిపే వేగవంతమైన పరీక్షలకు కేఎసాన్ లేని బిల్డ్ ఒకటి, రాత్రి వదిలేసి వెళ్లేందుకు కేఎసాన్, లాక్‌డెప్ (లాక్‌ల వాడకంలో తప్పులను పట్టే సాధనం) రెండూ ఉన్న బిల్డ్ ఇంకొకటి, వేర్వేరు అవుట్‌పుట్ డైరెక్టరీల్లో పెట్టుకుంటే ఒకటి మార్చినప్పుడు రెండోది మొదటి నుంచి బిల్డ్ కావలసిన పని ఉండదు.